ఎవరి తాలూకండీ? అంబాజీపేట సెంటర్ చుట్టూ ఐదు రోజులు

మొదటి రోజు: జనవరి 12, 2025, ఆదివారం

గౌతమి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో దింపేసరికి ఇంకా చీకటే. స్టేషన్ బయట ఒక టీ తాగి, బస్టాండుకెళ్ళి రావులపాలెం బస్సెక్కాను. కోనసీమకు ఇప్పటికీ రైలు లేదు. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా వేయాల్సిన లైను పనులు ఏళ్ళ తరబడి సాగుతూనే ఉన్నాయి. అటు గోదావరి పాయ గౌతమి, ఇటు ఇంకో పాయ వశిష్ఠ, కింద సముద్రం. మధ్యలో ఉన్న ఈ నేలకు సొంత బండి లేనివాళ్ళు రావాలంటే బస్సే దిక్కు. మా అమ్మ చిన్నప్పుడైతే రేవులో పడవ.

జొన్నాడ దాటి వంతెన ఎక్కేటప్పటికి మంచు బాగా పట్టి ఉంది. గోదావరి కనబడలేదు, చల్లగాలి మాత్రం కిటికీలోంచి ముఖానికి కొట్టింది. రావులపాలెంలో అరటి గెలలు ఎత్తుతున్న లారీల మధ్యలోంచి నడిచి ఇంకో బస్సు పట్టుకున్నాను. పల్లెవెలుగు. పండగ జనం, సంచులు, చంటిపిల్లలు, మధ్యలో ఎవరిదో కోడిపుంజు గంపలోంచి తల బయటపెట్టి చూస్తోంది. కొత్తపేట దాటాక రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరితోటలు మొదలయ్యాయి. అంబాజీపేట సెంటర్లో దిగేసరికి ఎనిమిదిన్నర.

ఈ సెంటర్ గురించి అమ్మ చెప్పని రోజు లేదు. "అంబాజీపేటలో దిగితే ఇంటికొచ్చేసినట్టే" అనేది. అమ్మ పోయి రెండేళ్ళు కావస్తోంది. ఏటా సంక్రాంతికి తీర్థం, అంటే ఇక్కడి జాతర, చూద్దామని అడిగేది, ఏటా నాకు సెలవు దొరికేది కాదు. ఈసారి ఎవరినీ అడగకుండా ఐదు రోజులు సెలవు పెట్టేశాను. ఈ ఐదు రోజులూ సొంత బండి మాట ఎత్తకుండా బస్సులోనో, సర్వీస్ ఆటోలోనో, నడిచో తిరగాలని ముందే అనుకున్నాను. అమ్మ తిరిగింది అలాగే కదా.

సెంటర్లో బస్ షెల్టర్ ఉంది గానీ అందులో కూర్చునేవాళ్ళు తక్కువ. లోపల కూర్చుంటే మలుపు తిరిగే బస్సు కనబడదు. అందుకే అందరూ టీకొట్టు ముందు నిలబడతారు. నేనూ అక్కడే నిలబడ్డాను. నిమిషం కాలేదు, గ్లాసులు కడుగుతున్న పెద్దాయన తలెత్తి చూసి, "ఎవరి తాలూకండీ?" అన్నాడు.

గోదావరి జిల్లాల్లో ఈ ప్రశ్న పేరు అడగడానికి కాదు. నీ పేరు తెలిసినా వాళ్ళకు లాభం లేదు. నువ్వు ఏ ఊరి ఆడపడుచు బిడ్డవో, ఏ ఇంటి మనిషివో తెలియాలి. అమ్మ పుట్టింటి పేరు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "గంగలకుర్రోరా! ఆయ్, మీ తాతగారు ఇక్కడే సైకిల్ పెట్టి అమలాపురం బస్సెక్కేవారండి" అన్నాడు. తాతయ్య పోయి ముప్పై ఏళ్ళు దాటింది.

టిఫిన్ అక్కడే, పక్క హోటల్లో. అంబాజీపేటకు వచ్చి పొట్టిక్కలు తినకుండా వెళ్తే అమ్మ ఊరుకునేది కాదు. నాలుగు పనసాకులు ఒకదానికొకటి ఆనించి, కొబ్బరి ఈనెపుల్లలతో కుట్టి చిన్న బుట్టలా చేస్తారు. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. వేడివేడిగా ఆకు విప్పితే ఇడ్లీ ఒంటి మీద పనసాకు ఈనెలు గీసినట్టుగా అచ్చు పడి ఉంటాయి. పచ్చిగా, కొంచెం వగరుగా ఒక వాసన. హైదరాబాద్‌లో స్టీలు గిన్నెల్లో ఎన్నిసార్లు వండినా ఆ వాసన రాలేదెందుకో అప్పుడర్థమైంది.

గంగలకుర్రుకు సర్వీస్ ఆటో. పిన్ని వీధరుగు మీద కూర్చుని ఎదురుచూస్తోంది. "ఒచ్చేసేవా అమ్మాయ్, బస్సులో సీటు దొరికిందా?" అదే మొదటి మాట. డెబ్బై రెండేళ్ళ మనిషికి బస్సులో సీటు ఎంత పెద్ద విషయమో తర్వాత రోజుల్లో తెలిసింది.

రెండో రోజు: భోగి

నాలుగింటికే పిన్ని లేపేసింది. కోనసీమ భోగి మంట కొబ్బరి మంట. ఎండు మట్టలు, కాయ మీది పీచు డొక్కలు, పనికిరాని మొద్దులు. డొక్క మెల్లగా రాజుకుని చాలాసేపు కణకణమంటూ ఉంటుంది. పిల్లలు పిడకల దండలు తెచ్చి వేశారు. వీధిలో అందరి ముఖాలూ ఎర్రగా కనబడ్డాయి.

పదింటికి బయలుదేరి మళ్ళీ సెంటరుకొచ్చాను, పి.గన్నవరం వెళ్దామని. పిన్ని కూడా వస్తానంది. మోకాళ్ళ నొప్పి వల్ల ఆమె ఆటో వెనక సీటులో ఇరుక్కుని కూర్చోలేదు. బస్సయితే కాళ్ళు చాపుకోవచ్చు, కడ్డీ పట్టుకుని నెమ్మదిగా దిగొచ్చు. ఒకప్పుడు పొద్దునో బస్సు, సాయంత్రమో బస్సు ఊళ్ళోకే వచ్చేవట. జనం ఆటోలకు మళ్ళారని మానేశారు. బస్సు లేదు కాబట్టి జనం ఆటోలకు మళ్ళారని ఊరివాళ్ళ మాట. ఏది ముందో ఎవరూ తేల్చలేరు గానీ, అమలాపురం ఆసుపత్రికి వెళ్ళే ప్రతి ముసలివాళ్ళూ ఆ బస్సునే తలుచుకుంటున్నారు. ఈ మాట నేను ఐదు రోజుల్లో కనీసం పదిమంది నోట విన్నాను. ఇది రాయకుండా వదిలేయడం నాకు చేతకాదు.

నలభై నిమిషాలు ఆగాక బస్సొచ్చింది. ఆ నలభై నిమిషాల్లో పిన్ని ఇద్దరి ఇంట్లో పెళ్ళిసంబంధాలు, ఒకరి షుగరు, ఒకరి కొడుకు దుబాయ్ ఉద్యోగం అన్నీ తెలుసుకుంది. పుల్లేటికుర్రు మనిషి ఒకామె, వక్కలంక మనిషి ఒకామె, మొసలపల్లి నుంచి ఒక ముసలాయన. వారం వారం ఇక్కడే కలుస్తారట. ఇంకే పేరంటానికీ ఇన్ని ఊళ్ళవాళ్ళు ఒకచోట చేరరు.

గన్నవరంలో చూడాల్సింది అక్విడక్టు. ధవళేశ్వరం దగ్గర విడిన గోదావరిలో వశిష్ఠ ఒక పాయ. దాని నుంచి మళ్ళీ చీలినది వైనతేయ. ఆ వైనతేయకూ వశిష్ఠకూ మధ్య చిక్కుకున్న నగరం అనే ఊరి సీమకు సాగునీరు ఇవ్వాలంటే నదిని దాటించాలి. ఆనకట్ట కట్టిన కాటన్ దొర రోజుల్లోనే, 1850లలో, ఇక్కడ నది మీదుగా కాలువ కట్టారు. పక్కనే 2000 సంవత్సరంలో కొత్తది వచ్చింది. పైన కాలువ నీళ్ళు పోతుంటాయి, కింద వైనతేయ పోతుంటుంది. పిన్ని కాలువ వైపు చూడలేదు, పాత కమానుల వైపే చూస్తూ నిలబడింది. పెళ్ళయిన కొత్తలో బాబాయితో ఆ పాతదాని మీద నడిచి అవతలికి వెళ్ళిందట. "గాలికి చీర కొంగు ఆగేది కాదు" అంది. అంతకు మించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఈ గన్నవరాన్ని లంకల గన్నవరం అనేవారు. మండపేటలో పుట్టి, ఇక్కడి డొక్కా జోగన్న గారిని పెళ్ళాడి వచ్చిన సీతమ్మ గారు ఏ వేళకొచ్చినా, ఏ కులం వాళ్ళొచ్చినా వండి పెట్టారు. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆహ్వానం వస్తే ఇంటికొచ్చే అతిథులకు అన్నం ఎవరు పెడతారని వెళ్ళలేదని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. 1909లో ఆమె పోయారు. ఇప్పుడు రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే ఉంది. నది దాటడానికి వచ్చి, వరద చూసి ఆగిపోయి, ఆకలితో ఒడ్డున కూర్చున్నవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది ఉండి ఉంటారో ఆ నీళ్ళను చూస్తే ఊహించుకోవచ్చు. ఆమె ఇల్లు వాళ్ళ కోసమే తెరిచి ఉండేది.

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు బూరుగులంక ఆమె పలకరించింది. బూరుగులంక, ఉడిమూడిలంక, జి.పెదపూడిలంక, అరిగెలవారిపేట ఈ నాలుగు ఊళ్ళూ పాయకు అవతల ఉన్నాయి. వేసవిలో ఏటి మీద మట్టి బాట వేసుకుంటారు. వరదొస్తే అది కొట్టుకుపోతుంది, ఇక పడవే. "నిండు నెలల్లో ఉన్నవాళ్ళను ముందే ఈ ఒడ్డున చుట్టాలింట్లో పెడతామండి" అంది. ఎంత మామూలుగా అందో! నాకు మాత్రం ఇంటికొచ్చాక కూడా ఆ మాటే చెవిలో ఉంది.

మూడో రోజు: సంక్రాంతి

ఈ రోజు ఎక్కడికీ వెళ్ళలేదు. పొద్దున తర్పణాలు, మధ్యాహ్నం పాకుండలు, అరిసెలు, పొట్ట పట్టనంత భోజనం. ఊరి కుర్రాళ్ళు కోడిపందేలకు వెళ్ళారు, నాకు చూడాలనిపించలేదు.

సాయంత్రం ఎదురింటి బాబాయిగారు తన కొబ్బరి కొట్టు చూపించారు. అంబాజీపేట పేరు చెబితే కొబ్బరి వ్యాపారం, ఆ వ్యాపారంలో కురిడీ ప్రత్యేకం. బాగా ముదిరిన కాయను వలవకుండా అటక మీద పోసి నెలల తరబడి అలా వదిలేస్తారు. లోపలి నీళ్ళు మెల్లగా ఇంకిపోతాయి, కొబ్బరి చిప్పను వదిలి గుండులా విడిపోతుంది. బాబాయిగారు మూడు కాయలు తీసి ఒక్కొక్కటే నా చెవి దగ్గర ఊపారు. మొదటిదాంట్లో నీళ్ళ చప్పుడు. రెండోదాంట్లో ఏ చప్పుడూ లేదు. మూడోది ఊపగానే లోపల గుండు చిప్పకు కొట్టుకుని గట్టిగా మోగింది. "ఇది తయారైందమ్మా" అన్నారు. కత్తితో చిప్ప పగలగొట్టి తీస్తే గోధుమరంగు తొక్కతో గుండ్రటి కొబ్బరి, చేతిలో తేలిగ్గా, నూనె మెరుపుతో. మార్కెట్లో దీన్ని వెయ్యి కాయల లెక్కన అమ్ముతారు. గండేరా అని, గటగట అని రకాలున్నాయి, గండేరాకు ధర ఎక్కువ. చాలావరకు ఉత్తరాదికి పోతుంది, అక్కడి పూజలకూ పెళ్ళిళ్ళకూ.

"ఇన్ని నెలలు కాయను దాచుకోవాలంటే చేతిలో డబ్బాడాలి కదా బాబాయిగారూ?" అన్నాను. అవసరం ఉన్నవాడు పచ్చికాయే అమ్మేస్తాడట. ఓపిక ఉన్నవాడికే కురిడీ. చెట్టెక్కి దింపు తీసేవాళ్ళు దొరకడం కష్టమైపోయిందని, కొన్నేళ్ళుగా తెల్లదోమ వచ్చి ఆకులు మసిపట్టినట్టు నల్లబడుతున్నాయని చెప్పారు. పెరట్లో ఒక చెట్టు చూపించి, "ఇది గోదావరి గంగ. మన అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్ళదే" అన్నారు. దేశవాళీ పొడుగు రకాన్నీ గంగాబొండాన్నీ కలిపి తయారుచేసిన రకం అది. పొరుగింటి పిల్లాడికి ర్యాంకు వచ్చినట్టు ఎంత గర్వంగా చెప్పారో!

రాత్రి డాబా మీద కూర్చున్నాం. పిన్ని ఒక వైపు చెయ్యి చూపించి, సరిగ్గా ముప్పై ఏళ్ళ కిందట ఆ పక్క ఆకాశం ఎర్రగా ఉండేదంది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర చమురు బావి పేలి అంటుకుంది. అరవై అయిదు రోజులు మండింది. ఆ ఏడాది సంక్రాంతి ఆ మంట వెలుగులోనే గడిచింది. "ఆ రాత్రుళ్ళు లాంతరు అక్కర్లేకపోయింది, నిద్రా పట్టలేదు. ఇంటికి తాళం వేసి వెళ్ళిపోదామంటే మీ బాబాయి ఆవుల్ని వదిలి రాననేవారు." 2014 జూన్‌లో ఆ నగరం ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ఊరు ఊరే తగలబడిన పొద్దు ఆమెకు మళ్ళీ అదే దడ పట్టుకుందట. పచ్చటి సీమ అని పాటలు పాడుకుంటాం. ఆ పచ్చదనం కింద ఏముందో ఇక్కడివాళ్ళకు తెలుసు. తెలిసే, ఆ మట్టిలోనే మొక్క నాటుతున్నారు.

నాలుగో రోజు: కనుమ

ఈ రోజు కోసమే వచ్చాను.

మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట అని ఒక కొబ్బరితోట ఉంది. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. ఏడాదికి ఒక్క కనుమ నాడు చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు ప్రభల మీద, అంటే భుజాల మీద మోసే ఎత్తైన అలంకరించిన చట్రాల మీద, అక్కడికి వచ్చి కలుస్తారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, పెదపూడి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం. ఏకాదశ రుద్రులు. లోకం బాగు గురించి ఏడాదికోసారి కూర్చుని మాట్లాడుకుంటారని నమ్మకం. నాలుగు వందల ఏళ్ళ నుంచీ జరుగుతోందని ఊళ్ళవాళ్ళు చెబుతారు. 2023 రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. ఆ రోజు టీవీ ముందు అమ్మ లేచి నిలబడి దండం పెట్టింది.

ఈ పదకొండు ఊళ్ళ పేర్లలో కొన్నిటిని నేను రెండు రోజుల కిందట టీకొట్టు ముందు విన్నాను. దేవుళ్ళు ఏడాదికి ఒకసారి తోటలో కలుస్తారు. వాళ్ళ మనుషులు మిగతా రోజులన్నీ ఆ సెంటర్లో, బస్సు కోసం నిలబడి కలుస్తారు. ఆ రెండు చోట్లకూ గోడలూ తలుపులూ లేవు, ఎవరైనా రావచ్చు.

మా ఊరి ప్రభను పొద్దున దగ్గరగా చూశాను. తాడి దూలాల మీద వెదురు, పోకచెక్కలతో ఎత్తుగా అల్లిన చట్రం, దానికి రంగురంగుల నూలు, కొత్త గుడ్డలు, నెమలి పింఛాలు, వరికంకులు, గంటలు. మధ్యలో చెన్నమల్లేశ్వరుడు. ఒక కుర్రాడు తన భుజానికి తువ్వాలు మడతపెట్టి కట్టుకుంటున్నాడు. పుణెలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట. నిన్నటి భోజనాల్లో చెయ్యి తడవకుండా స్పూన్‌తో తిన్న పిల్లాడు అతనే. ఇప్పుడు దూలం కింద తల దూర్చి నిలబడ్డాడు.

మధ్యాహ్నం ఎగువ కౌశిక గట్టు మీద జనం విరగబడి ఉన్నారు. అగ్రహారం వీరేశ్వరుడి ప్రభ, మా ప్రభ ఈ కాలువ దాటాలి. వంతెన మీదుగా కాదు, నీళ్ళలోంచే. ముందు తాళ్ళు పట్టినవాళ్ళు దిగారు, ఆ వెనక మోతగాళ్ళు. మోకాళ్ళు, నడుము, ఛాతీ. కాలువ మధ్యకొచ్చేసరికి నీళ్ళ మీద తలలు మాత్రమే, వాటి పైన ప్రభ. ఒక్కసారిగా అది ఎడమ పక్కకు ఒరిగింది. గట్టు మీద వేలమంది గొంతు ఆగిపోయింది. గంటల చప్పుడొక్కటే వినబడింది. నా పక్కనున్న ముసలామె ఎవరో తెలీదు, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తాడు బిగిసింది. ప్రభ నిటారుగా లేచింది. "అశ్శరభా... శరభా!" అన్న కేక అవతలి గట్టు నుంచి ఇవతలికి వచ్చింది. నేనూ అరిచాను. ఏడుస్తున్నానని ఆమె చీర చెంగుతో నా ముఖం తుడిచేదాకా నాకు తెలియలేదు.

కాలువ దాటాక చేలు. దాళ్వా, అంటే రెండో పంట, నాట్లు వేసిన మడులు. వాటిలోంచే ప్రభ నడిచింది. నాట్లు తొక్కుడుపడ్డాయి. ఆ చేను గల రైతు గట్టున నిలబడి దండం పెడుతున్నాడు. దేవుడు నడిచిన మడి బాగా పండుతుందని ఇక్కడివాళ్ళు అంటారు.

తోటలో అన్నీ చేరేసరికి పొద్దు వాలుతోంది. మొసలపల్లి భోగేశ్వరుడు ఆతిథ్యం ఇచ్చేవాడు కాబట్టి అందరికన్నా ముందు వచ్చి, అందరినీ సాగనంపాకే వెళ్తాడు. వ్యాఘ్రేశ్వరుడు రాగానే మిగతా ప్రభలన్నిటినీ ఒకసారి పైకి లేపి గౌరవిస్తారు, పెద్దమనిషి వస్తే అరుగు మీద నుంచి లేచి నిలబడినట్టు. పిన్ని తోట చివర ఒక కొబ్బరి మొద్దు మీద కూర్చుని అదంతా చూసింది. జీళ్ళు కొనుక్కుని ఇద్దరం తింటూ చీకట్లో నడిచి ఇల్లు చేరాం. ఆ రోజు ఆ దారిన ఏ బండీ కదిలే పరిస్థితి లేదు. పిన్ని దారిలో నాలుగుసార్లు కూర్చుంది. మోకాళ్ళ గురించి ఒక్క మాట అనలేదు.

ఐదో రోజు: ముక్కనుమ

సెంటర్ కిటకిటలాడుతోంది. వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయే రోజు. కొబ్బరికాయల గోనెలు, ఆవకాయ జాడీలు, అట్టపెట్టెల్లో జంతికలు. ప్రతి సంచి పక్కనా ఒక ముసలి ప్రాణం. మనవడి చేతిలో నోటు మడిచి పెట్టి గుప్పెట మూయించేవాళ్ళు, డ్రైవరు దగ్గరకెళ్ళి "బాబూ, జాగ్రత్తగా పోనీ" అని చెప్పేవాళ్ళు.

పిన్ని రావద్దన్నా వచ్చింది. నా సంచిలో బాబాయిగారిచ్చిన నాలుగు కురిడీలు పెట్టింది. ఒకటి అమ్మ ఫోటో దగ్గర పెట్టమంది. పెద్దాయన టీ ఇచ్చి డబ్బులు తీసుకోలేదు. పక్కన నిలబడ్డ ఎవరో నా వైపు చూపించి ఆయన్ని అడుగుతున్నారు. "గంగలకుర్రోరి మనవరాలండి" అని ఆయనే చెప్పేశాడు.

రావులపాలెం బస్సొచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. పిన్ని కింద నిలబడి కడ్డీ మీద చెయ్యి వేసింది. "వేసవికి రా అమ్మాయ్, తాటిముంజెలు తిందువుగాని." సరేనన్నాను. ఈసారి ఊరికే అనలేదు, ఆ రాత్రే రైల్లో టికెట్ బుక్ చేశాను.

బస్సు కదలబోతుంటే అమలాపురం వైపు నుంచి ఇంకో బస్సు వచ్చి ఆగింది. పెద్ద బ్యాగుతో ఒక కుర్రాడు దిగి, ఎటు వెళ్ళాలో తెలియక చుట్టూ చూస్తున్నాడు. పిన్ని నా కిటికీ మీద నుంచి చెయ్యి తీసి అతని వైపు తిరిగింది.

"ఎవరి తాలూకు బాబూ?"